పాలడి ఎడమకాలి పెద్దనరం

నేను ఒక ఎద్దు ఎడమ వెనక కాలి పెద్దనరాన్ని. పిక్క కండకూ మడమ ఎముకకూ మధ్య తాడులా బిగిసి ఉండేవాణ్ణి. నా కథ మొదలుపెట్టే ముందు వాతల ఓబయ్య సంగతి తేల్చుకోవాలి. ఆయన పోయి చాలా కాలమైంది. పోయినవాళ్ల గురించి చెడ్డగా మాట్లాడకూడదంటారు. నేనూ పోయినవాణ్ణే కాబట్టి నాకు ఆ పట్టింపు లేదు.

ముప్పై ఏళ్లపాటు చుట్టుపక్కల ఏడూళ్లలో కుంటే పశువులకు ఎర్రగా కాల్చిన కమ్మీతో వాతలు పెట్టి, వాటిని నడిపించిన హస్తవాసి గలవాడని ఓబయ్య పేరు తెచ్చుకున్నాడు. నడిపించింది ఆయన కాదు, మేము. మా అంతట మేమే మానాము. పేరు కమ్మీకి పోయింది, తాంబూలం ఓబయ్యకు పోయింది. అది కూడా సహించేవాణ్ణి. ఆయన ఒక్క మాట ఉన్నదున్నట్టు చెప్పి ఉంటే నేను తెగేవాణ్ణి కాదు. ఆ మాట ఏమిటో వరసలో చెబుతాను.

ముందు నేనెవరినో చెప్పాలి. ఊళ్లో అన్నిటినీ నరమే అంటారు. నెత్తురు పారేదీ నరమే, నొప్పిని మోసేదీ నరమే, నేనూ నరమే. నాలో నెత్తురు పారడం చాలా తక్కువ. నొప్పి కబురు మోయడం నా పని కాదు. నా పని పట్టుకోవడం. కండ బిగిసినప్పుడు ఆ లాగుడును ఎముకకు అందించడం. ఒకసారి పశువుల డాక్టరమ్మ నన్ను 'స్నాయుబంధనం' అంది. మా వంశం మొత్తాన్ని 'సంయోజక కణజాలం' అంటారని చెప్పింది. మా యజమాని కోటిలింగం "అట్టాగా అమ్మా" అని తలూపాడు. ఆ మాట పశువుల పాక గుమ్మం దాటలేదు.

పేరు సంగతి ఎలా ఉన్నా మా ఇంటిపేరు మాత్రం పెద్దది. ఎముక మా పెద్దన్న. ఒంటికి నిలువెత్తు తనవల్లే వచ్చిందని కాస్త గర్వం. కీళ్లలో మెత్తగా జారే తరుణాస్థి మా చెల్లెలు. ఎముకను ఎముకకు కట్టి ఉంచే పట్టీలు నా కవల తమ్ముళ్లు. చర్మం అడుగున దళసరిగా పరుచుకున్నవాడు, ప్రతి కండ చుట్టూ పల్చటి పొరగా చుట్టుకున్నవాడు, పేగులు జారిపోకుండా కడుపులో వేలాడదీసినవాడు, అందరూ మావాళ్లే. కొవ్వు మాలో సోమరి, కానీ కరువులో వాడే ఆదుకుంటాడు. నెత్తురు కూడా మా వంశమేనట. వాడికి నిలకడ లేదు, ఒళ్లంతా తిరుగుతాడు, నా దగ్గరికి మాత్రం పండక్కి వచ్చిన చుట్టంలా వచ్చి పోతాడు. మేమంతా పట్టుకోకపోతే ఎద్దు అంటే ఒక కుప్ప. కండలు ఒక పక్క, ఎముకలు ఒక పక్క.

జనం మాత్రం కండనే మెచ్చుకుంటారు. "ఏం తొడలురా వాటికి!" అంటారు. తొడ కండ ఏ రోజైనా మడమ ఎముకను ముట్టుకుందా? మధ్యలో నేను లేకుండా?

మా ఎద్దు పేరు పాలడు. గుండ్లమడుగు అనే ఊళ్లో మస్తానమ్మ అనే ఒంటరి మనిషి పాకలో పుట్టాడు. పుట్టిన గంటలోపే లేచి నిలబడాలని చూశాడు. నాకు తెలిసిన మొదటి లాగుడు అదే. తడి ఆరని కాలు, ఒణుకుతున్న కాలు, ఒకసారి పడి, రెండోసారి పడి, మూడోసారి నేను బిగిశాను. నిలబడ్డాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా తలుచుకుంటే నాకు ఆ క్షణమే బాగుంటుంది. ఆ తర్వాత ఎన్ని బండలు లాగినా అంత బరువు మళ్లీ మోయలేదనిపిస్తుంది.

మస్తానమ్మ రోజూ పొద్దున్నే కొంచెం ఆముదం అరచేతిలో పోసుకుని దూడ కాళ్లకు పామేది. "ఏరా దొరా, నీ కాళ్లు పట్టాల్సిన కరమ నాకేందిరా?" అని తిట్టేది, తిడుతూనే పట్టేది. ఆవిడ బొటనవేలు నా పక్కనుంచి పోయేటప్పుడు దూడ కళ్లు మూసుకునేవాడు. ఆమె అడక్కుండా చేసిన ఆ పని వల్ల నా పోగులు వరసగా, సాఫీగా పెరిగాయని నా నమ్మకం. డాక్టరమ్మ ఒప్పుకోకపోవచ్చు. నమ్మకాలు మనుషులకేనా ఉండేది?

మూడేళ్లకు కోడె అయ్యాడు. ఒంటరి మనిషికి కోడెను ఆపడం కష్టం కాబట్టి మస్తానమ్మ సంతకు తోలింది. అక్కడికి కోటిలింగం తన బావమరిది పేరయ్యను వెంటేసుకుని వచ్చాడు. మనుషులు ఎద్దును ఎలా కొంటారో ఆ రోజు చూశాను. పళ్లు చూశారు. తోక మడమల దాకా వచ్చిందా అని చూశారు. ఆ తర్వాత పూటంతా సుడులు చూశారు. వెన్ను మీద వెంట్రుకలు తిరిగిన సుడి ఇంటికి కలిసి వస్తుందా, మెడ పక్కన ఉన్నది యజమానికి గండమా అని ఇద్దరూ వాదులాడుకున్నారు.

"మెడ పక్క సుడి ఉంది బావా. నాకు ఇష్టం లేదు," అన్నాడు పేరయ్య.

"అది సుడి కాదురా, తాడు రాసుకుని వెంట్రుక లేచింది."

"తాడు రాసుకుంటే గుండ్రంగా లేస్తదా?"

మస్తానమ్మ అడ్డం వచ్చింది. "అయ్యా, నడిపించి చూసుకోండయ్యా. వెంట్రుకలు బండి లాగుతాయా?"

ఆ సంతలో తెలివైన మాట అదొక్కటే. కానీ ఎవరూ నడిపించి చూడలేదు. ఒక్కడంటే ఒక్కడు నా మీద వేలు వేసి నొక్కి చూడలేదు. చివరికి కోటిలింగం సుడిని వేలితో దువ్వి మాయం చేసి చూపించాక బేరం కుదిరింది. తాడు చేతులు మారింది. మస్తానమ్మ తిరిగి చూడకుండా వెళ్లిపోయింది. పాలడు మాత్రం ఆమె పోయిన దిక్కుకు నాలుగు అడుగులు వేశాడు, ఆ నాలుగు అడుగులూ నేనే వేయించాను.

కోటిలింగం మంచి రైతు. ఇంట్లో ఒకే ఎద్దు, పేరయ్య ఇంట్లో ఒకే ఎద్దు. రెండూ కలిపి పొత్తు జత. ఒక రోజు ఈయన పొలం, ఒక రోజు ఆయన పొలం. పేరయ్య ఎద్దు కుడి పక్క, మావాడు ఎడమ పక్క. ఆ తొలకరి పొద్దులు ఇప్పటికీ నా పోగుల్లో ఉన్నాయి. తడిసిన నల్లరేగడిలో గిట్ట దిగబడి మళ్లీ పైకి లేచేటప్పుడు 'చప్' అనే చప్పుడు. కాలు నేల మీద ఆనినప్పుడు నేను కొంచెం సాగుతాను, కాలు లేచినప్పుడు సాగింది విసురుగా వెనక్కి ముడుస్తాను. అందులో సగం నడక నాదే, కండకు శ్రమ ఉండదు. చాలు చివర మళ్లేటప్పుడు కోటిలింగం "ఓహ్... ఓహ్... ఎడమా" అని పాడినట్టు అనేవాడు. ఎడమ అంటే మావాడు. ఆ పిలుపుకు ముందే మేం తిరిగేవాళ్లం. త్రిపురమ్మ, అంటే కోటిలింగం భార్య, గట్టు మీద చద్ది పెట్టుకుని కూర్చుని "ఎద్దుకున్న బుద్ధి నీకుంటేనా" అనేది మొగుణ్ణి. ఆరేళ్లు అలా గడిచాయి. ఆరేళ్లలో ఒక్క రోజు కూడా నన్ను ఎవరూ తలుచుకోలేదు. సరిగా పనిచేసేవాణ్ణి ఎవరు తలుచుకుంటారు?

తర్వాత బండ పిచ్చి పట్టుకుంది. పక్క మండలంలో తిరునాళ్లకు బండలాగుడు పోటీలు పెట్టారు. ఒక రాతి బండను గొలుసుతో కాడికి కట్టి, ఇచ్చిన సమయంలో ఏ జత ఎక్కువ దూరం లాగితే ఆ జత గెలుస్తుంది. పేరయ్యకు దాని మీద మోజు. "మన జతకు ఎదురు లేదు బావా" అని రోజుకు మూడుసార్లు అనేవాడు. ఊరి చివర ఇసకలో సాధన మొదలైంది. మొదటి నెల బాగానే లాగాం. రెండో నెలలో ఒక పొద్దున, బండ ఒక గులకరాయికి తట్టుకుని ఆగి, ఒక్కసారిగా కదిలినప్పుడు నా మధ్యలో కొన్ని పోగులు పుటుక్కుమన్నాయి. పాలడు ఆ సాయంత్రం ఎడమకాలు సగమే ఆనించాడు.

తిరునాళ్లకు ఇంకా మూడు వారాలుంది. కాలు కుదరకపోతే ఎద్దుకు ఊళ్లో ఉన్నది ఒకటే దారి, మంగళవారం సంత, అక్కడినుంచి లారీ. అది అందరికీ తెలుసు. పాలడికి మాత్రమే తెలియదు.

కోటిలింగం ముందు డాక్టరమ్మనే పిలిచాడు, ఆ మేరకు ఆయన తప్పు లేదు. ఆమె వచ్చి, వంగి, నా మీద రెండు వేళ్లు పెట్టింది. వాపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూసింది.

"నరం కొంచెం చిరిగింది. కండ చిరిగితే పదిహేను రోజుల్లో అతుక్కుంటుంది. దీనికి నెత్తురు తక్కువ, అందుకని నిదానంగా మానుతుంది. రెండు నెలలు కట్టేసి ఉంచండి. ఆ తర్వాత మెల్లగా నడిపించండి. బండ మాట మర్చిపోండి."

ఆమె సైకిలు సందు మలుపు తిరగకముందే పేరయ్య అందుకున్నాడు. "ఆమె పుస్తకంలో ఎద్దును చూసింది బావా, మన ఎద్దును చూసిందా? ఓబయ్యను పిలుద్దాం."

ఓబయ్య పిడకల మంట పెట్టించాడు. కమ్మీ ఎర్రబడేదాకా చుట్ట కాల్చాడు. నలుగురు పాలణ్ణి పడగొట్టి పట్టుకున్నారు. నా మీద మూడు అడ్డగీతలు, మీద ఒక నిలువుగీత. చర్మం అడుగునున్న మా బంధువు మంటలో పడ్డ చెప్పు తోలులా ముడుచుకుపోయాడు. వేడి నాదాకా వచ్చి నా పైపోగులు కొన్నిటిని కూడా ముడిచేసింది. అప్పుడు ఓబయ్య గొంతు పెంచి అందరూ వినేలా చెప్పాడు.

"నలభై దినాలు కాడి ముట్టనీబాక కోటిలింగం. ఇది గంగానమ్మ మొక్కు. నలభై దినాలు తల్లి ఈ కాల్లో కూకోని ఉంటది. కదిపినావా, తల్లి కన్నెర్రజేస్తది."

నాలో ఏ తల్లీ కూర్చోలేదు. నాలో జరిగింది వేరు. వాత నొప్పికి పాలడు కాలు కింద మోపలేదు. మోపకపోయేసరికి నాకు విశ్రాంతి దొరికింది. విశ్రాంతి దొరకగానే తెగిన పోగుల మధ్య కొత్త పోగులు, సన్నగా, వంకరటింకరగా, అల్లుకోవడం మొదలైంది. ముప్పై ఏళ్ల ఓబయ్య హస్తవాసి అంతా ఇంతే. కాల్చడం దేనికీ పనికిరాదు, కాల్చాక ఇచ్చే నలభై రోజులే మందు. ఆ సంగతి ఆయనకు తెలుసు. ఎలా చెబుతున్నానంటే, ఒకనాడు త్రిపురమ్మ పాలు పితుకుతూ పక్కింటావిడతో అంది, "ఓబయ్య సొంత గేదె కాలు బెణికితే వాత పెట్టలేదంట, ఊరికే కట్టేసి గడ్డేశాడంట. పైవాళ్ల గొడ్లకేనా కాల్చేది?"

పదహారో రోజుకు వాపు తీసింది. పాలడు కాలు పూర్తిగా ఆనించి నిలబడ్డాడు. నిలబడటం వేరు, లాగడం వేరు. కొత్త పోగులు ఇంకా పచ్చివి. కానీ పైకి చూస్తే కాలు బాగున్నట్టే ఉంది. తిరునాళ్లు మూడు రోజుల్లో ఉంది.

పేరయ్య బుర్ర అప్పుడు పనిచేసింది. "మొక్కే గదా బావా. మొక్కన్నాక ముందే తీర్చుకుంటే తల్లి కాదంటదా? పుంజును కోసి, చీరె పెట్టి, తల్లిని ఆ కాల్లోంచి మర్యాదగా సాగనంపుదాం."

"తల్లిని సాగనంపుతారు సరే," అంది త్రిపురమ్మ, చేట పక్కన పెట్టి, "కాలినెట్టా సాగనంపుతారు?"

"ఆడవాళ్లకు బండ సంగతి తెలవదులే అక్కా."

"నాకు తెలవకపోతే మానె. మూడు కాళ్ల మీద నిలబడ్డ గొడ్డు సంగతి నాకు తెలుసు."

కోటిలింగం ఇద్దరి మధ్య నలిగి, చివరికి ఓబయ్య దగ్గరికే వెళ్లి అడిగాడు. మొక్కు ముందే చెల్లించొచ్చా అని. నేను ఇందాక చెబుతానన్న మాట ఇక్కడ రావాలి. ఓబయ్య అనాల్సింది ఇది: 'మొక్కూ లేదు గిక్కూ లేదు కోటిలింగం, నరం మానడానికి అన్నాళ్లు పడుతుంది, ఆగు.' ఆ మాట అంటే వాత పరువు పోతుంది. ముప్పై ఏళ్ల పరువు. ఓబయ్య గడ్డం గోక్కున్నాడు.

"ఒక పుంజుకు తల్లి లేవదు," అన్నాడు. "రెండు కొయ్యి."

రెండు పుంజులు కోశారు. నా ఇరవై నాలుగు రోజులు ఆ రెండు పుంజుల కూరలో పోయాయి.

పోటీ రోజు నేనేమీ ఏడుస్తూ వెళ్లలేదు, నిజం చెప్పాలి. కాళ్లకు గజ్జెలు కట్టారు. కొమ్ములకు రంగు వేశారు. మైకులో జతల పేర్లు పిలుస్తున్నారు. వేల మంది జనం, ఈలలు, దుమ్ము. కాడి మెడ మీద పడగానే పాలడి ఒళ్లు గగుర్పొడిచింది, నాకు కూడా ఉబలాటం వచ్చింది. లాగడానికి పుట్టినవాడికి లాగమంటే ఉబలాటం రాదా? మొదటి మళ్లింపు దాకా మేమే ముందున్నాం. రెండో మళ్లింపులో కూడా మేమే. పేరయ్య ఎగిరి గంతులేస్తున్నాడు. కోటిలింగం చెర్నాకోల ఎత్తడమే తప్ప కొట్టడం లేదు. "ఎడమా... ఎడమా..." అని అరుస్తున్నాడు, చాలు చివర పిలిచినట్టే. మూడో మళ్లింపులో బండ ఒక మూలకు ఒరిగి ఆగింది. మావాడు వంగి, వెనక కాళ్లు తన్నిపెట్టి, మొత్తం బరువు నా మీద వేశాడు.

తాడు తెగినట్టు ఒక చప్పుడు అందరికీ వినబడింది. గొలుసు తెగిందనుకున్నారు.

నేను పూర్తిగా తెగలేదు. మూడింట రెండు వంతులు పోయాను. పాతవి, కాలి ముడుచుకున్నవి, పచ్చివి, అన్నీ కలిసి. పాలడి మడమ నేలకు ఆనింది. కోటిలింగం చెర్నాకోల ఎక్కడో పడేసి, కాడి పగ్గాలు పళ్లతో కొరికి విప్పాడు. జనంలోంచి నలుగురు వచ్చి పాలణ్ణి పక్కకు తీసుకెళ్లడానికి చెయ్యేశారు. ఆ తర్వాత మైకులో "తర్వాతి జత సిద్ధంగా ఉండాలి" అని వినిపించింది. మనుషులు అంత చెడ్డవాళ్లేం కాదు, బండ మాత్రం ఖాళీగా ఉండకూడదు.

ఓబయ్య కూడా జనంలో ఉన్నాడు. "నలభై దినాలు ఆగమన్నానా లేదా?" అని నలుగురికీ చెప్పుకుంటూ వెళ్లాడు.

వారం తిరగకుండా సంత బేరగాడు ఇంటి ముందుకు లారీతో వచ్చాడు. పేరయ్య అప్పటికే తన ఎద్దును పొత్తు నుంచి తప్పించి వేరే జతకు కలిపాడు. కోటిలింగం గుమ్మంలో నిలబడి పెళ్లాన్ని అడిగాడు.

"ఏం చేద్దామే?"

"నన్నడిగి కోశావా పుంజుల్ని? ఇప్పుడు నన్నెందుకు అడుగుతావు?"

బేరం జరిగిపోయింది. బయానా చేతిలో పడింది. లారీకి పలక ఆనించారు. పాలడు ముందు కాళ్లు పలక మీద పెట్టాడు. వెనక కాలు ఎత్తాలంటే నేను బిగియాలి. నాలో బిగియడానికి మిగిలింది ఒక సన్నటి పాయ. జారాడు. మళ్లీ ఎక్కించారు, మళ్లీ జారాడు. బేరగాడి మనిషి తోక మెలిపెట్టాడు.

"ఆగరా!" అన్నాడు కోటిలింగం.

ఆయన వంగి నా మీద రెండు చేతులూ వేశాడు. ఆరేళ్ల పైచిలుకులో మొదటిసారి. బొటనవేళ్లతో తడుముకుంటూ పోయి, నేను తెగిన చోట గుంటలోకి వేలు దిగినప్పుడు ఆగిపోయాడు.  పైకి కనబడని చోట ఏం చేశాడో ఆయనకు అప్పుడు తెలిసింది.

"ఎక్కలేడు," అన్నాడు.

"నలుగురం పట్టి ఎక్కిస్తాంలేవయ్యా. రోజూ ఎక్కించేయేగా."

"ఎక్కలేడన్నా గదా. నీ బయానా తీసుకో."

"నవ్వుతారయ్యా ఊళ్లో. కుంటి ఎద్దును ఇంట్లో పెట్టుకుని ఏం చేస్తావు, కూకోబెట్టి మేపుతావా?"

"కూకోబెట్టే మేపుతా."

 త్రిపురమ్మ లోపలికి పోయి తౌడు, చిట్టు కలిపి తొట్లో పోసింది.

ఊళ్లో నవ్వారు, బేరగాడు చెప్పినట్టే. ఆ ఏడు సేద్యానికి జత లేదు. అద్దె ట్రాక్టరుకు సరిపడా చేతిలో లేదు. పొలం బీడు పడింది. కూర్చోబెట్టిన ఎద్దుకు గడ్డి కొనాల్సి వచ్చింది. నాకు మానడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఈసారి వాతలు లేవు, పుంజులు లేవు. డాక్టరమ్మ నెలకోసారి వచ్చి చూసిపోయేది. కోటిలింగం రోజూ పొద్దున్నే ఆముదం పట్టేవాడు, ఎవరు నేర్పారో మరి. మానాక నేను అందంగా లేను. తెగిన చోట చింతకాయంత బుడిపె. సాగడం మర్చిపోయాను, విసురు పోయింది. కానీ పట్టుకున్నాను. పాలడు కుంటుతూ వాగుదాకా వెళ్లి, నీళ్లు తాగి, కుంటుతూ వచ్చేవాడు. కాడి మాత్రం మళ్లీ మెడ మీద పడలేదు.

రెండో ఏడు కూడా గడ్డికి, ఇంటికి కుదరకపోయేసరికి కోటిలింగం వాగు పక్కనున్న పొలం పేరయ్యకే రాసిచ్చాడు. ఆరేళ్లు మేం దున్నిన పొలం. రాతకోతలు అయిన రోజు పేరయ్య పాకలోకి వచ్చి పాలణ్ణి చూసి నిట్టూర్చాడు.

"ఎద్దు కోసం పొలం అమ్మినవాణ్ణి నిన్నే చూశా బావా. పొలమే లేనాక ఎద్దెందుకు నీకు?"

"పొలానికి ఎద్దు కావాలి గాని, ఎద్దుకు పొలమెందుకురా," అన్నాడు కోటిలింగం. కాసేపు ఇద్దరూ నవ్వారు. పేరయ్య పోయాక కోటిలింగం ఆముదం తెచ్చుకుని నా దగ్గర కూర్చున్నాడు.

పాలడు ఇంకా పదకొండేళ్లు బతికాడు. ముసలితనంతో, నిలబడి, గోడకు ఆనుకుని పోయాడు. లారీ ఎక్కలేదు. వాగు ఒడ్డున గుంట తీసి పూడ్చారు. ముందు కండ పోయింది. అన్ని పొగడ్తలు విన్న కండ నెల తిరక్కుండా మట్టయింది. కొవ్వు, నెత్తురు దానికంటే ముందే. పల్చటి పొరలు పోయాయి. పట్టీలు, నేను మాత్రం ఎండి, గట్టిపడి, పెద్దన్నను అంటిపెట్టుకుని చాలాకాలం ఉన్నాం. ఇప్పుడు నేనూ పోగు పోగుగా విడిపోతున్నాను. మీద నేల అదురుతుంటే తెలుస్తుంది, పేరయ్య ట్రాక్టరు దున్నుతోంది. బాగానే దున్నుతోంది. మళ్లేటప్పుడు మాత్రం ఎవరూ పిలవరు.

ఇంత కథకూ పోయింది ఎంత అని అడిగేవాళ్లుంటారు. నా తరపున పోయింది మూడింట రెండు వంతుల పోగులు. కోటిలింగం తరపున పోయింది నల్లరేగడి, వాగు గట్టు నుంచి డొంక దాకా, ఎకరం పందొమ్మిది సెంట్లు.